బెనెట్‌కి ఏమీ లేదు, మెక్‌డేవిడ్‌కి మూడు మ్యాచ్‌లా? ఐస్ హాకీలో శిక్షల లెక్క గురించి

మీ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. ఎగతాళిగా కాదండీ, ఇరవై ఏళ్ల కిందట మా ఆఫీసు లంచ్ రూమ్‌లో నేనూ ఇదే అడిగి బుర్ర గోక్కున్నాను. మిగతావాళ్ల కోసం ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. ఈయన కాల్గరీ వచ్చి రెండేళ్లయింది, ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) చూడటం అలవాటైంది. 2025 మేలో టొరంటో, ఫ్లోరిడా ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఫ్లోరిడా ఆటగాడు శామ్ బెనెట్ మోచేయి టొరంటో గోల్‌కీపర్ (గోలీ) ఆంథనీ స్టొలార్జ్ తలకి తగిలింది. స్టొలార్జ్ కాసేపటికి బెంచ్ దగ్గర వాంతి చేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. బెనెట్‌కి ఆటలో పెనాల్టీ లేదు, తర్వాత సస్పెన్షనూ లేదు. అదే ఏడాది జనవరిలో ఎడ్మంటన్ స్టార్ కానర్ మెక్‌డేవిడ్ అంతటివాడికి కర్రతో ఒక క్రాస్ చెక్ కొట్టినందుకు మూడు మ్యాచ్‌లు పడ్డాయి. "చీటీలు తీసి శిక్షలు వేస్తారా, మా ఎనిమిదేళ్ల వాణ్ని ఈ ఆటలో చేర్పించాలా వద్దా" అని అడిగారు.

ఇక్కడి అభిమానులు చీటీలనరు, చక్రం అంటారు. సంతలో లాటరీ చక్రం తిప్పినట్టు తిప్పితే ముల్లు ఎక్కడ ఆగితే అదే శిక్ష అని పాత జోకు. నేనూ చాలాసార్లు వేసుకున్నాను ఆ జోకు. కానీ తొమ్మిది సీజన్లు టొరంటో పక్క ఊళ్లో పిల్లల హాకీకి రిఫరీగా ఈల వేశాక నాకు అర్థమైంది వేరు. చక్రమేమీ లేదు. లెక్క ఉంది. ఆ లెక్కలోనే తిరకాసు ఉంది.

ముందు కొత్తవాళ్లకి రెండు ముక్కలు. హాకీలో బాడీ చెక్ తప్పు కాదు, ఆటలో భాగం. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఉన్నవాణ్ని, లేదా ఇప్పుడే పక్ వదిలినవాణ్ని, భుజంతోనో తుంటితోనో ఒంటి మధ్య భాగంలో గుద్ది పక్ నుంచి విడదీయొచ్చు. వెనకనుంచి బోర్డులకేసి, అంటే మైదానం చుట్టూ ఉండే గోడకేసి, తోస్తే బోర్డింగ్, మోచేయి లేపితే ఎల్బోయింగ్, కర్రని రెండు చేతుల మధ్య అడ్డంగా పట్టుకుని కొడితే క్రాస్ చెకింగ్. ఇవన్నీ రిఫరీ అక్కడికక్కడే చూసుకునేవి: రెండు నిమిషాలో అయిదు నిమిషాలో ఆట బయట కూర్చోబెట్టడం, లేదా మ్యాచ్‌లోంచి పూర్తిగా బయటకి. ఆ తర్వాత న్యూయార్క్‌లో లీగ్ ఆఫీసులో ప్లేయర్ సేఫ్టీ విభాగం అని ఒకటుంది, వాళ్లు ప్రతి మ్యాచ్ వీడియో చూస్తూ కూర్చుంటారు, సస్పెన్షన్లు, ఫైన్లు తేల్చేది వాళ్లే. 2011లో బ్రెండన్ షానహాన్ తొలి అధిపతిగా మొదలైంది, 2017 నుంచి జార్జ్ పారోస్ చూస్తున్నాడు. పారోస్ ప్రిన్స్‌టన్‌లో చదివినవాడు, రింక్ (ఐస్ మైదానం) మీద మాత్రం కొట్లాటలే వృత్తిగా బతికిన ఆటగాడు. దొంగ చేతికే తాళాలు అని కొందరు ఎద్దేవా చేస్తారు గానీ నాకు ఆ విమర్శ పెద్దగా నచ్చదు. ఎవరు కూర్చున్నా ఆ కుర్చీకి ఇచ్చిన రూల్ పుస్తకం అదే కదా.

ఇంతకీ తిరకాసు ఎక్కడ? తలకి దెబ్బల గురించిన రూల్ 48 చదవండి. తలకి తగిలితే తప్పు అని అందులో లేదు. ఆ దెబ్బలో ప్రధానంగా తగిలింది తలే అయ్యుండాలి, పైగా అది తప్పించుకోగలిగిన తాకిడి అయ్యుండాలి. రెండూ కలిస్తేనే తప్పు. తప్పించుకోగలిగిందా లేదా అని తేల్చడానికి మళ్లీ మూడు చూడాలి: కొట్టినవాడు ఒంటి మధ్యకే గురిపెట్టాడా, దెబ్బ తిన్నవాడు తనంతట తనే వంగి ప్రమాదకరమైన భంగిమలోకి వచ్చాడా, ఆఖరి క్షణంలో తల, ఒళ్లు కదిపాడా. ఇక చూస్కోండి. ఒకే వీడియోని ఇద్దరు లాయర్లకిస్తే రెండు తీర్పులు చదివేస్తారు. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడించే అంతర్జాతీయ సమాఖ్య రూల్‌లో తలని కాపాడే బాధ్యత చాలావరకు కొట్టేవాడిదే. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ బాధ్యత ఇద్దరికీ పంచారు. నా గొడవంతా ఆ పంపకం మీదే.

ఈ రూల్ ఎలా పుట్టిందో తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 2009 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియా కెప్టెన్ మైక్ రిచర్డ్స్, ఫ్లోరిడా ఆటగాడు డేవిడ్ బూత్ తలని భుజంతో గుద్దాడు. బూత్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. రిచర్డ్స్‌కి సస్పెన్షన్ లేదు, ఎందుకంటే అప్పటి రూల్ ప్రకారం భుజంతో కొడితే తలకి తగిలినా తప్పు కాదు. 2010 మార్చి 7న పిట్స్‌బర్గ్ ఆటగాడు మాట్ కుక్, బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌ని అచ్చం అలాగే పడగొట్టాడు. దానికీ సస్పెన్షన్ లేదు. కారణం? రిచర్డ్స్‌ని వదిలేశాం కదా, ఇతణ్నీ అలాగే చూడాలి అన్నారు. గమనించారా, ఆ రెండు తీర్పుల మధ్య తేడా ఏమీ లేదు, మనం కోరుకునే ఏకరూపత నిక్షేపంలా ఉంది. సవార్డ్ మాత్రం తిరిగొచ్చి కొన్ని నెలలు ఆడి, 2011 జనవరిలో ఇంకో మామూలు చెక్‌కే మళ్లీ కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) తెచ్చుకుని శాశ్వతంగా ఆట మానేశాడు. కుక్ దెబ్బ తర్వాత వారాల్లోనే, సీజన్ మధ్యలోనే కొత్త రూల్ తెచ్చారు. మొదట పక్కనుంచి, కనపడని వైపు నుంచి కొట్టేవాటికే, 2011 సీజన్‌కి అన్ని వైపులకీ విస్తరించారు. అందుకే ఎవరైనా "మాకు కన్సిస్టెన్సీ కావాలి" అంటే నాకు ఈ జంటే గుర్తొస్తుంది. గీత తప్పు చోట గీసి, అందరినీ అదే గీత మీద నిలబెడితే ఏం లాభం?

సరే, తప్పు అని తేలిందనుకోండి, ఎన్ని మ్యాచ్‌లు? ఇక్కడ యాజమాన్యానికీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం వస్తుంది. ఏం చేశాడు, అవతలివాడికి గాయమైందా, కొట్టినవాడి పాత చరిత్ర ఏమిటి, ఆ సమయంలో ఆట పరిస్థితి ఏమిటి, ఇవన్నీ తూచాలని అందులోనే రాసుకున్నారు. గాయాన్ని ఎప్పుడైతే తూకంలో పెట్టారో, ఒకే రకం దెబ్బకి రెండు శిక్షలు పడటం ఖాయం.

2012 ఏప్రిల్ తీసుకోండి. 11న నాష్‌విల్ ఆటగాడు షే వెబర్, డెట్రాయిట్ ఆటగాడు హెన్రిక్ జెటర్‌బర్గ్ తల వెనక భాగం పట్టుకుని బోర్డుల పైనున్న అద్దానికేసి కొట్టాడు. హిట్ కూడా కాదది, వీధి రౌడీ పని. జెటర్‌బర్గ్ లేచి తర్వాతి మ్యాచ్ ఆడాడు. శిక్ష 2,500 డాలర్ల ఫైన్, అప్పటి ఒప్పందంలో వేయగలిగింది గరిష్ఠంగా అంతే. ఆరు రోజులకి, 17న, ఫీనిక్స్ ఆటగాడు రఫీ టోరెస్ గాల్లోకి లేచి షికాగో ఆటగాడు మారియన్ హోసా తలని గుద్దాడు, హోసా స్ట్రెచర్ మీద వెళ్లాడు, టోరెస్‌కి 25 మ్యాచ్‌లు పడ్డాయి, అప్పీల్‌లో 21కి తగ్గాయి. టోరెస్‌కి పడింది ఎక్కువని నేననను, పాత చిట్టా ఉన్న మనిషి, 2015లో మళ్లీ ఇలాగే కొట్టి 41 మ్యాచ్‌లు తెచ్చుకున్నాడు. నేననేది వెబర్ గురించి. జెటర్‌బర్గ్ మెడ గట్టిది కాబట్టి వెబర్ బతికిపోయాడు.

ఇందులో ఇంకో విచిత్రం. వెబర్‌కి లీగ్ సస్పెన్షన్ వేయలేదని ఆ రెండు జట్ల తర్వాతి మ్యాచ్ మొదట్లోనే డెట్రాయిట్ వాడొకడు వచ్చి అతనితో కొట్లాట పెట్టుకున్నాడు. ఆ వచ్చినవాడు టాడ్ బెర్టూజీ. హాకీ చూసేవాళ్లకి ఆ పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకో చెప్తాను, ఇది కొంచెం పెద్ద కథ. నేను కెనడా వచ్చింది 2004 సెప్టెంబర్‌లో. ఆ సీజన్ మొత్తం లాకౌట్, ఒక్క మ్యాచ్ లేదు. మ్యాచ్‌లు లేకపోయేసరికి ఆఫీసులో అందరూ అంతకుముందు మార్చిలో జరిగిందే చెప్పుకునేవాళ్లు. ఫిబ్రవరి 16న కొలరాడో ఆటగాడు స్టీవ్ మోర్, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్లండ్‌ని తలకి తగిలేలా కొట్టాడు, నాస్లండ్‌కి కంకషన్. రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు, లీగ్ సస్పెన్షన్ వేయలేదు. వాంకూవర్ వాళ్లు పళ్లు నూరుకుంటూ కూర్చున్నారు. మార్చి 8న రెండు జట్లూ మళ్లీ ఎదురుపడ్డాయి. బెర్టూజీ వెనకనుంచి మోర్ జెర్సీ పట్టుకుని లాగి, తల పక్కన గుద్ది, ఐస్ మీదకి మొహం ఆనేలా పడేసి పైన పడ్డాడు. మోర్ మెడలో మూడు ఎముకలు విరిగాయి. ఇక ఎన్‌హెచ్‌ఎల్ ఆడలేదు. బెర్టూజీ మీద క్రిమినల్ కేసు పెట్టారు, నేరం ఒప్పుకున్నాడు, జైలు పడలేదు, 80 గంటల సమాజ సేవ. లీగ్ 2005 ఆగస్టులో తిరిగి ఆడనిచ్చింది. మోర్ వేసిన సివిల్ దావా 2014లో కోర్టు బయట రాజీ అయ్యేదాకా నడిచింది. లీగ్ తేల్చకపోతే ఆటగాళ్లే తేల్చుకుంటారు, వాళ్లు తేల్చుకునే పద్ధతి ఇదీ.

2021 వసంతం ఇంకా బాగా గుర్తుంది, ఎందుకంటే ఒక్క నెలలో మూడు రకాల తీర్పులు వచ్చాయి. మే 3న వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్, న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు పావెల్ బుచ్‌నెవిచ్ ఐస్ మీద పడి ఉండగా తల దగ్గర గుద్దాడు. వెంటనే మీదకొచ్చిన ఆర్టెమీ పనారిన్‌ని హెల్మెట్ లేని తలతో ఐస్ మీదకి విసిరేశాడు. పనారిన్ ఆ సీజన్‌లో మళ్లీ దిగలేదు. విల్సన్‌కి 5,000 డాలర్ల ఫైన్. అయిదు వేలు! విల్సన్ ఏడాది జీతం 50 లక్షల డాలర్ల పైమాటే. రేంజర్స్ యాజమాన్యం మండిపడి, పారోస్ ఆ పదవికి పనికిరాడని ప్రకటన ఇస్తే ఆ జట్టుకి రెండున్నర లక్షల డాలర్ల ఫైన్ వేశారు. కొట్టినవాడికి వేసినదానికి యాభై రెట్లు, ఇదేమిటని అడిగినందుకు. రెండు రోజుల తర్వాత అవే జట్లు, అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పక్ కింద పడిన సెకనుకే మూడు జంటలు చేతి తొడుగులు పారేసి కొట్టుకున్నారు, అయిదు నిమిషాలు తిరక్కుండా ఆరు కొట్లాటలు.

అదే నెల 19న కొలరాడో ఆటగాడు నజీమ్ కద్రీ, సెయింట్ లూయిస్ ఆటగాడు జస్టిన్ ఫాక్ తలని కొట్టి 8 మ్యాచ్‌లు తెచ్చుకున్నాడు. జూన్ 2న విన్నిపెగ్ ఆటగాడు మార్క్ షైఫెలీ, ఖాళీ గోల్‌లో పక్ వేసి వస్తున్న మాంట్రియల్ కుర్రాడు జేక్ ఎవాన్స్‌ని రింక్ ఆ కొస నుంచి దూసుకొచ్చి గుద్దేశాడు, 4 మ్యాచ్‌లు. నా కళ్లకి షైఫెలీ దెబ్బే ఎక్కువ భయం వేసింది, ఆ వేగం చూస్తే. కానీ కద్రీకి అంతకుముందు సస్పెన్షన్ల జాబితా ఉంది, షైఫెలీకి లేదు. శిక్ష పనికి కాదు, మనిషికి పడింది. పాత చరిత్ర చూడటం తప్పని కూడా అనలేను, మళ్లీ మళ్లీ చేసేవాడికి పెంచాలి కదా. కానీ చరిత్ర శిక్షని పెంచాలి గానీ, చరిత్ర లేకపోవడం శిక్షని సగం చేయకూడదు.

ఇక మీ మెక్‌డేవిడ్ సంగతి. వాంకూవర్ మ్యాచ్ ఆఖరి సెకన్లు, కానర్ గార్లండ్ అతన్ని కింద పడేసి లేవనివ్వకుండా పట్టుకున్నాడు, ఈల లేదు, మెక్‌డేవిడ్ లేచి కర్రతో గార్లండ్ మొహం మీద కొట్టాడు. ఆ వెంటనే జరిగిన కుమ్ములాటలో వాంకూవర్ వైపు టైలర్ మయర్స్ కూడా అలాగే కొట్టాడు. ఇద్దరికీ చెరి మూడు. నన్నడిగితే అది మంచి తీర్పు, స్టార్ అని తగ్గించలేదు, స్టార్ అని పెంచలేదు. కర్రతో మొహం మీద కొట్టడంలో "ప్రధానంగా తగిలింది ఏది" అనే వాదనకి తావులేదు, అందుకే తేల్చడం సులువైంది. డబ్బు లెక్క చూడండి: మెక్‌డేవిడ్ ఏడాది జీతం 12.5 మిలియన్ డాలర్లని ఆ సీజన్‌లో ఉన్న 192 రోజులతో భాగిస్తే మ్యాచ్‌కి 65 వేల డాలర్లు, మూడింటికి దాదాపు 1,95,000. సస్పెన్షన్ పడి 18 నెలలు తిరక్కుండా మళ్లీ పడితే మాత్రం రోజులతో బదులు సీజన్ మ్యాచ్‌లతో (అప్పటికి 82) భాగిస్తారు, రెండింతలు దాటిపోతుంది. టామ్ విల్సన్ 2018లో 20 మ్యాచ్‌లకి అలాగే 12 లక్షల డాలర్ల పైన పోగొట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత తటస్థ మధ్యవర్తి దాన్ని 14కి తగ్గించాడు, కానీ అప్పటికే 16 కూర్చుండిపోయాడు! కొంత డబ్బు వెనక్కొచ్చింది, మ్యాచ్‌లు రావు కదా.

అప్పీల్ గురించి కూడా చెప్పాలి. మొదటి అప్పీల్ వెళ్లేది కమిషనర్ గ్యారీ బెట్‌మన్ దగ్గరకే. ఆయన కింద పనిచేసే విభాగం ఇచ్చిన తీర్పు మీద ఆయనకే అప్పీల్. ఆరు, అంతకంటే ఎక్కువ మ్యాచ్‌లైతేనే ఆ తర్వాత తటస్థ మధ్యవర్తి దగ్గరకి పోవచ్చు, 2013 ఒప్పందంలో వచ్చింది ఆ వెసులుబాటు. అయిదు మ్యాచ్‌లు పడినవాడికి బెట్‌మనే ఆఖరి మాట. కాబట్టి అయిదుకీ ఆరుకీ మధ్య తేడా ఒక్క మ్యాచ్ కాదు.

ఇక బెనెట్. ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అతను పక్ కోసం గోల్ ముందునుంచి దాటిపోతున్నాడు, మోచేయి గోలీ తలకి తగిలింది, కావాలని చేసినట్టు రుజువు కాదు, పైగా స్టొలార్జ్‌కి అదే మ్యాచ్‌లో ముందే ఒక షాట్ తలకి తగిలి మాస్క్ ఊడిపోయింది. ఇన్ని "పైగా"లు ఉన్నప్పుడు ఆ విభాగం వదిలేస్తుంది. కానీ 2024లో బోస్టన్ ఆటగాడు బ్రాడ్ మర్చండ్ మొహం మీద బెనెట్ పిడికిలి తగిలినప్పుడూ ఇలాగే శిక్ష ఏమీ పడలేదు, మర్చండ్ రెండు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. ఒక్కో దెబ్బ విడిగా చూస్తే ప్రతిదానికీ ఓ సంజాయిషీ ఉంటుంది. శిక్ష పడనిది చరిత్రలో లెక్కకి రాదు. అందుకే ఒకడికి చిట్టా పెరుగుతూ పోతుంది, ఇంకొకడికి పలక ఎప్పుడూ ఖాళీ. కొసమెరుపు ఏమిటంటే ఆ మర్చండే ఏడాది తిరిగేసరికి ఫ్లోరిడాకి మారి, బెనెట్ పక్కనే ఆడి, 2025 లీగ్ కప్పు ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ బెనెట్‌కే.

తప్పంతా లీగ్ ఆఫీసుదే అనుకోకండి. ఆటగాళ్ల సంఘం కూడా ఇందులో ఉంది. విచారణలో సంఘం ప్రతినిధులు కూర్చునేది కొట్టినవాడి పక్కన. దెబ్బ తిన్నవాడూ అదే సంఘానికి చందా కడతాడు, వాడి తరఫున మాట్లాడేవాడుండడు. ఫైన్లు అంత చిన్నగా ఉండటానికి కారణం కూడా సంఘం బేరమాడి పెట్టించుకున్న పరిమితులే.

ఇంత తిట్టాక నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక శనివారం పొద్దున్న, పద్నాలుగేళ్ల పిల్లల మ్యాచ్. ఒక కుర్రాడు మూలలో పక్ కోసం వంగి బోర్డుల వైపు తిరిగి ఉన్నాడు, వెనకనుంచి ఇంకోడు వచ్చి రెండు చేతులతో తోశాడు. హెల్మెట్ బోర్డుకి తగిలిన చప్పుడు వేరే ఉంటుందండీ, ఖాళీ బిందె గచ్చు మీద పడ్డట్టు. కుర్రాడు వెంటనే లేచి స్కేట్ చేసుకుంటూ పోయాడు. నేను రెండు నిమిషాలు బోర్డింగ్ ఇచ్చి ఊరుకున్నాను. రెండు వారాల తర్వాత ఇంకో మ్యాచ్, అదే మూల, అదే తోపు, ఈసారి పిల్లాడు లేవలేదు, వాళ్లమ్మ గ్యాలరీలోంచి పరిగెత్తుకొచ్చింది. నేను తోసినవాణ్ని మ్యాచ్‌లోంచి పంపేశాను. లాకర్ రూమ్‌లో స్కేట్లు విప్పుతుంటే నాతో ఆ రెండు మ్యాచ్‌లూ చేసిన ఇంకో రిఫరీ, యూనివర్సిటీ పిల్లాడు, నెమ్మదిగా అడిగాడు: "మొన్నది కూడా ఇలాంటిదే కదా?" నా దగ్గర జవాబు లేదు. నేను తోపుని చూడలేదు, పడుకున్న పిల్లాణ్ని చూశాను. న్యూయార్క్‌లో ఇన్ని తెరల ముందు కూర్చున్నవాళ్లు చేసేదీ అదే. కాకపోతే వాళ్లకి రీప్లే ఉంది, ఆలోచించుకోడానికి ఒక రోజు టైముంది.

మీ బాబు విషయం. నన్నడిగితే చేర్పించండి. టీవీలో చూసేది వేరు, పిల్లల హాకీ వేరు. కెనడాలో పదమూడేళ్ల లోపు విభాగాల్లో బాడీ చెకింగ్ 2013 నుంచి నిషేధం, ఆ పై వయసులోనూ చెకింగ్ లేని లీగులు ఊరూరా ఉన్నాయి. మొహానికి జాలీ తప్పనిసరి. చాలాచోట్ల జెర్సీ వెనక, నంబర్ పైన, ఎర్రటి ఆగు గుర్తు కుట్టి ఉంటుంది, వెనకనుంచి వచ్చేవాడికి సరిగ్గా కళ్లెదుట కనపడేలా. మావాడి జెర్సీకి నేనే కుట్టాను, వంకరగా. కోచ్‌ని మొదటి రోజే అడగాల్సింది ఒక్కటే: తలకి దెబ్బ తగిలితే మళ్లీ ఆడొచ్చని ఎవరు చెప్తారు? డాక్టర్ అంటే సరే. "చూద్దాం, వాడికి బాగానే ఉంటే దింపుతాం" అంటే ఇంకో క్లబ్ వెతుక్కోండి. స్కేట్లు మాత్రం కొత్తవి కొనకండి, ఆర్నెల్లకి చిన్నవైపోతాయి. హెల్మెట్ ఒక్కటే కొత్తది కొనండి.